చైనా రైతు - కళ్లంలో కొలత

పంట పండించడం ఒక యెత్తు, పండిన గింజను కొలవడం ఒక యెత్తు. కళ్లంలో కుంచం ఎవరి చేతిలో వుందనేది ప్రతి రైతుకూ ప్రాణంతో సమానమైన సంగతి. చైనా రైతు 1949 తరువాత పడిన పాట్లన్నీ దాదాపు ఈ కుంచం చుట్టూ తిరిగినవే. అందుచేత ఆ కథ మనం కాస్త తీరిగ్గా విందాం.

కమ్యూనిస్టులు రాజ్యానికి వచ్చేనాటికి అక్కడ చాలాచోట్ల కౌలుదారు పండినదానిలో సగందాకా కామందుకు కొలిచేవాడు. 1950 జూన్‌లో భూసంస్కరణ చట్టం వచ్చింది. రెండు మూడేళ్లలో సుమారు 30 కోట్ల మందికి 70 కోట్ల 'మూ'ల భూమి పంచారు. మూ అంటే మన ఎకరంలో ఆరోవంతు. అనగా దగ్గర దగ్గర పదకొండున్నర కోట్ల ఎకరాలన్నమాట. ఇది సాఫీగా జరిగిన పని కాదు. ఊరందరి యెదుటా కామందులను నిలబెట్టి విచారించి, లక్షల మందిని చంపారు. ఆ సంగతి దాచి ఈ కథ చెప్పరాదు. ఏమైనా, బీదరైతు తన చెక్కలో పండిన గింజను తన ఇంటికి మోసుకున్నాడు.

ఆ సంతోషం ఎంతోకాలం నిలవలేదు. ముందు మన బదులు పనుల మాదిరి జట్లు కట్టించారు. తరువాత సహకార సంఘాలన్నారు. 1956 ఆఖరుకు నూటికి తొంభైకి పైగా కుటుంబాలు సంఘాల్లో చేరిపోయాయి. 1958లో ఆ సంఘాలను కలిపి సుమారు 26,000 కమ్యూన్లు చేశారు. పనికి కూలి లేదు, మార్కులు. భోజనం ఉమ్మడి వంటశాలలో. ఇళ్లల్లో ఇనుప సామాను, పొయ్యిమీది మూకుడుతో సహా, ఉక్కు తీస్తామని పెరటి కొలుముల్లో కరిగించారు. అలా తీసిన ఇనుము చాలామట్టుకు దేనికీ పనికిరాలేదు.

ఇక దిగుబడుల పందెం మొదలయింది. ఒక కమ్యూన్ ఇంత పండించామంటే, పక్క కమ్యూన్ దానికి రెట్టింపు అనేది. 1958 సెప్టెంబరులో క్వాంగ్సీలోని హువాన్‌జియాంగ్ తాలూకాలో ఒక్క మూలో 65,000 కిలోల పైచిలుకు వరి పండిందని ప్రకటించారు. మన లెక్కకు తెస్తే ఎకరాకు 5,000 బస్తాలు దాటుతుంది! ఎకరాకు 40 బస్తాలు దింపితే మనవాడు మీసం మెలేస్తాడు గదా. ఇంతకూ వారు చేసినదేమంటే, ఎన్నో మళ్లలోని ఈనిన పైరును పీకి తెచ్చి ఒకే మడిలో కుక్కారు. ఆ యేడు వరి వెన్నులమీద పిల్లలు నిలబడినట్టు పత్రికల్లో ఫోటోలు కూడా వేశారు. నాట్లు వేసిన ఏ ఆడకూతురైనా ఆ ఫోటో చూసి నవ్వుతుంది. కాని నవ్వేందుకు అక్కడ ఎవరికీ ధైర్యం లేకపోయింది.

విస్తరణ ఉద్యోగులు ఇక్కడ ఒక సంగతి గమనించాలి. సరిగా కొలిచే పద్ధతి చైనావారికి తెలియక కాదు. 1956 డిసెంబరులో వారి ప్రధాని చౌ ఎన్ లై కలకత్తా వచ్చి మహలనోబిస్‌గారి గణాంక సంస్థను చూసి వెళ్లాడు. మరుసటి యేడు మహలనోబిస్ చైనా వెళ్లారు. మన పంటకోత ప్రయోగాలకు మూలమైన నమూనా పద్ధతి మీద అక్కడ ఆసక్తి పుట్టింది. 1958 ఊపులో అదంతా మూలపడింది. పై అధికారి కోరిన అంకె కింది ఉద్యోగి రాసి పంపడమే లెక్క అయిపోయింది.

ఆ యేడు దేశం మొత్తం మీద 37.5 కోట్ల టన్నుల ధాన్యం పండిందని చాటారు. తరువాత తేలిన అసలు లెక్క 20 కోట్లు. 1959లో 17 కోట్లకు, 1960లో పద్నాలుగున్నర కోట్ల లోపుకు పడిపోయింది. ప్రభుత్వం లెవీ వసూలు చేసింది మాత్రం కాగితంమీది పంటను బట్టి. గింజ లేదన్న రైతును దాచావని కొట్టారు. విత్తనాలు సైతం తోలుకుపోయారు. 1959లోనే 40 లక్షల టన్నులకు పైగా ధాన్యం విదేశాలకు ఎగుమతి అయింది. ఆ వేసవిలో లూషాన్ సమావేశంలో రక్షణమంత్రి పెంగ్ తే హువై ఇది పొరపాటని మావోకు జాబు రాస్తే, ఆయన పదవి ఊడింది. ఇక కిందివాడు నోరెత్తుతాడా? 1961 దాకా సాగిన ఆ కరువులో చనిపోయినవారు కోటిన్నర మొదలు నాలుగున్నర కోట్ల దాకా వుంటారని పండితుల అంచనాలు.

అన్హువై రాష్ట్రం ఘోరంగా దెబ్బతిన్నవాటిలో ఒకటి. 1961లో అక్కడ పొలాన్ని ఇంటింటికీ అప్పగించి చూశారు. తిండి దొరికింది; కాని మరుసటి యేడే ఆ పద్ధతి ఆపించారు. మళ్లీ పదహారేళ్లు గడిచాయి. అదే రాష్ట్రంలో, ఫెంగ్‌యాంగ్ తాలూకాలో, షియావోగాంగ్ అనే పల్లె. పంట చాలక ఏటా బిచ్చానికి పోయే ఊరు. 1978 చలికాలంలో ఒక రాత్రి 18 కుటుంబాలవారు రహస్యంగా కూడారు. పొలం ఇంటింటికీ పంచుకోవాలి, ప్రభుత్వ వాటా ప్రభుత్వానికి కొలవాలి, మిగిలింది ఎవరిది వారిదే. యెన్ హోంగ్‌చాంగ్ అనే రైతు కాగితం రాస్తే వేలిముద్రలు వేశారు. నాయకులు జైలుకు పోతే వారి పిల్లలను 18 ఏళ్లు వచ్చేదాకా ఊరే సాకాలన్నది అందులో ఒక షరతు. ఇప్పుడు ప్రదర్శనలో వున్న కాగితం ఆనాటిదేనా అని వాదించేవారున్నారు. కాని మరుసటి యేడు ఆ ఊళ్లో 66,000 కిలోల గింజ పండిందని చెబుతారు; అంతకుముందటికి అది ఎన్నో రెట్లు.

రాష్ట్ర నాయకుడు వాన్ లీ వారిని శిక్షించక కాపాడాడు. 1980 మేలో డెంగ్ సియావో పింగ్ మెచ్చుకున్నాడు. 1983 ఆఖరుకు దేశంలో దాదాపు రైతులందరూ ఇదే దారికి వచ్చారు, కమ్యూన్లు రద్దయ్యాయి. 1978లో 30.5 కోట్ల టన్నులున్న ధాన్యం 1984లో 40.7 కోట్లయింది. ఘనతంతా ఆ వేలిముద్రలదే అనడం నాకు నచ్చదు. 1979లో ప్రభుత్వం ధాన్యం కొనుగోలు ధర నూటికి 20 పెంచింది. కోటాకు మించి అమ్మినదానికి మరో 50 కలిపింది. కమ్యూన్ల రోజుల్లో రైతులు చేతులతో తవ్విన కాలవలు, ఎరువుల కర్మాగారాలు, యువాన్ లాంగ్‌పింగ్ సంకర వరి, ఇవీ తోడయ్యాయి.

భూమి యాజమాన్యం మాత్రం ఈనాటికీ ఊరి ఉమ్మడిదే; రైతుకున్నది సాగుహక్కు. వ్యవసాయపు పన్ను 2006లో ఎత్తివేశారు. పల్లెలు వదిలిగాని, పొలం పని మానిగాని కూలికి మళ్లినవారు 30 కోట్లకు దగ్గర. షియావోగాంగ్‌లో కూడా చాలా పొలం ఇప్పుడు కౌలుకే పోతున్నది. 2018లో ఊరి ఉమ్మడి సంస్థ లాభం పంచితే, మనిషికి 350 యువాన్లు వచ్చాయి.