మైక్ హేల్‌వుడ్ పునరాగమనం (1978)

బ్రిటన్‌కు చెందిన సుప్రసిద్ధ మోటార్‌సైకిల్ రేసరు మైక్ హేల్‌వుడ్ (ఏప్రిల్ 2, 1940 - మార్చి 23, 1981) పదకొండేళ్ళ విరామం తరువాత ఐల్ ఆఫ్ మ్యాన్ టి.టి. పోటీలకు తిరిగివచ్చి, 1978 జూన్ 3న ఫార్ములా వన్ టి.టి. పందెంలో విజయం సాధించాడు. మోటార్‌సైకిల్ క్రీడా చరిత్రలో ఈ సంఘటన హేల్‌వుడ్ పునరాగమనంగా ప్రసిద్ధి చెందింది. అప్పటికి అతని వయసు 38 సంవత్సరాలు. నాలుగేళ్ళ క్రితం కారు పందెంలో కుడికాలు తీవ్రంగా దెబ్బతిన్నది. నడిపిన వాహనం ఇటలీకి చెందిన డుకాటీ 900. ఇది అతడు తన యౌవనంలో నడిపిన యంత్రాలకు నిర్మాణంలోనూ స్వభావంలోనూ పూర్తిగా భిన్నమైనది.

నేపథ్యం

హేల్‌వుడ్ ఇంగ్లాండులోని ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో గల గ్రేట్ మిల్టన్‌లో జన్మించాడు. తండ్రి స్టాన్ హేల్‌వుడ్ మోటారు వాహనాల వ్యాపారంలో బాగా గడించిన ధనవంతుడు. కుమారునికి మొదటినుండీ మంచి యంత్రాలు సమకూర్చాడు. ఈ కారణంగా తొలినాళ్ళలో అతనిని ధనవంతుని బిడ్డగా తేలికగా చూసినవారు ఉన్నారు. 1957లో 17 ఏళ్ళ వయసులో పందేలలో ప్రవేశించిన హేల్‌వుడ్, 1961లో ఒకే వారంలో మూడు టి.టి. పందేలు గెలవడంతో ఆ మాట ఆగిపోయింది.

1961 నుండి 1967 వరకు అతడు 9 ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లు గెలుచుకొన్నాడు. వీటిలో 500 సీసీ తరగతిలో నాలుగు (1962-65) ఎం.వి. అగస్టా వాహనంపై సాధించినవి. 250 సీసీ (1961, 1966, 1967), 350 సీసీ (1966, 1967) తరగతులలో హోండాపై గెలిచాడు. మొత్తం గ్రాండ్ ప్రి విజయాలు 76. అభిమానులు అతనిని 'మైక్ ది బైక్' అని పిలిచేవారు.

1967లో సీనియర్ టి.టి. పందెంలో ఇటలీ రేసరు జియాకొమో అగొస్తీనితో జరిగిన పోటీ ఈ దశకు పరాకాష్ఠ. హేల్‌వుడ్ నడిపిన 500 సీసీ హోండాకు శక్తి పుష్కలంగా ఉన్నా, మలుపులలో చట్రం నిలకడగా ఉండేది కాదు. పందెం మధ్యలో యాక్సిలరేటరు పిడి కూడా వదులైంది. అయినా గంటకు 108.77 మైళ్ళ (175 కి.మీ.) వేగంతో ఒక చుట్టు పూర్తిచేశాడు. అగొస్తీని వాహనపు గొలుసు తెగిపోవడంతో విజయం హేల్‌వుడ్‌ను వరించింది. ఆ చుట్టు రికార్డు 1975 వరకు చెక్కుచెదరలేదు.

1968లో హోండా గ్రాండ్ ప్రి పోటీల నుండి వైదొలగింది. ఇతర సంస్థల తరఫున పోటీ చేయకుండా ఉండేందుకు ఆ సంస్థ హేల్‌వుడ్‌కు 50,000 పౌండ్లు చెల్లించింది. ఆ విధంగా 28వ ఏట, మంచి పరిణతిలో ఉండగా, అతడు ద్విచక్ర ప్రపంచ పోటీలకు దూరమయ్యాడు.

ఆ తరువాత కార్ల పందేలవైపు మళ్ళాడు. తన జీవితకాలంలో మొత్తం 50 ఫార్ములా వన్ గ్రాండ్ ప్రిలలో పాల్గొన్నాడు. 1972లో ఐరోపా ఫార్ములా టూ ఛాంపియన్ అయ్యాడు. 1973లో దక్షిణాఫ్రికాలోని క్యాలామీలో, మంటల్లో చిక్కుకొన్న కారు నుండి క్లే రెగజోని అనే సహచర రేసరును బయటకు లాగాడు. ఆ ప్రయత్నంలో తన దుస్తులకు నిప్పంటుకొంటే దానిని ఆర్పించుకొని మళ్ళీ మంటలవైపే వెళ్ళాడు. ఈ సాహసానికి బ్రిటిష్ ప్రభుత్వం జార్జి మెడల్ ప్రదానం చేసింది. 1974లో జర్మనీలోని నూర్‌బుర్గ్‌రింగ్‌లో జరిగిన ప్రమాదంతో అతని కార్ల పందేల జీవితం ముగిసింది. ఆపై కుటుంబంతో న్యూజీలాండ్‌లో స్థిరపడ్డాడు.

పందెపు మార్గం

ఐల్ ఆఫ్ మ్యాన్ ఇంగ్లాండు, ఐర్లాండుల నడుమ ఐరిష్ సముద్రంలో ఉన్న చిన్న ద్వీపం. ఇక్కడ 1907 నుండి టి.టి. (టూరిస్ట్ ట్రోఫీ) పందేలు జరుగుతున్నాయి. 1911 నుండి వాడుకలోకి వచ్చిన పర్వత మార్గపు ఒక చుట్టు 37.73 మైళ్ళు (60.7 కి.మీ.). ఇది ప్రత్యేకంగా నిర్మించిన పందెపు బాట కాదు. మామూలు రోజులలో బస్సులు, పాలబండ్లు తిరిగే రహదారినే పందెం వేళ మూసివేస్తారు. ఇళ్ళ గోడలు, రాతి ప్రహరీలు, దీపస్తంభాలు, చెట్లు దారికి ఆనుకొనే ఉంటాయి. రెండు వందలకు మించిన మలుపులున్నాయి. బల్లా వంతెన వద్ద వాహనం గాలిలోకి లేస్తుంది. రామ్సే పట్టణం దాటాక స్నేఫెల్ కొండపైకి ఎక్కి, దిగుతూ డగ్లస్ చేరుకోవాలి. కొండపైన ఎండ కాస్తుండగా కింద వాన పడడం, లేదా కొండను మంచు కప్పివేయడం ఇక్కడ సర్వసాధారణం.

ఇంత పొడవైన దారిని సాధన చేయడానికి అవకాశం కూడా తక్కువ. రహదారి మూసివేసిన కొద్ది గంటలలోనే పూర్తి వేగంతో నడపవచ్చు. అందువలన ఈ మార్గాన్ని నేర్చుకోవడానికి సంవత్సరాలు పడుతుందని రేసర్లు చెబుతారు. ఏ గుడ్డి మలుపు వెనుక దారి ఎటు తిరుగుతుందో, ఎక్కడ రోడ్డు ఉబ్బెత్తుగా ఉందో, ఏ చెట్టు నీడన తడి ఆరదో గుర్తుండాలి. మిగిలిన క్రీడలలో వయసు కేవలం భారమైతే, ఇక్కడ అది కొంతవరకు పెట్టుబడి కూడా.

ఈ మార్గంలో జరిగిన పోటీలలోనూ సాధనలోనూ ఇప్పటివరకు 250 మందికి పైగా మరణించారు. 1972లో గిల్బెర్తో పర్లోతి మరణించిన తరువాత అగొస్తీని, ఫిల్ రీడ్ వంటి అగ్రశ్రేణి రేసర్లు ఇక్కడికి రావడం మానేశారు. 1976 తరువాత టి.టి. బ్రిటిష్ గ్రాండ్ ప్రి హోదాను కోల్పోయింది. ఆ లోటును పూరించడానికి 1977లో ఫార్ములా వన్ టి.టి. ప్రపంచ ఛాంపియన్‌షిప్‌ను ఏర్పాటు చేశారు. అప్పట్లో ఆ ఒక్క పందెమే ఛాంపియన్‌ను నిర్ణయించేది. మొదటి ఏడాది హోండాపై దానిని గెలిచినవాడు, బహిష్కరణ విరమించి తిరిగివచ్చిన ఫిల్ రీడ్.

డుకాటీ 900

హేల్‌వుడ్ నడిపిన యంత్రాన్ని బొలోన్యాలోని ఎన్.సి.ఆర్. కర్మాగారం పందేలకోసం తయారుచేయగా, మాంచెస్టరులోని స్పోర్ట్స్ మోటార్‌సైకిల్స్ యజమాని స్టీవ్ వైన్ సిద్ధంచేశాడు. 1977లో సిల్వర్‌స్టోన్‌లో వైన్ బృందపు డుకాటీపై కూర్చుని చూసిన హేల్‌వుడ్, ఇటువంటి బండిపై మళ్ళీ టి.టి.లో పాల్గొనాలని ఉందని సరదాగా అన్నాడు. వైన్ దానిని సరదాగా వదిలిపెట్టలేదు. అదే సంవత్సరం హేల్‌వుడ్ ఆస్ట్రేలియాలో జిమ్ స్కేస్‌బ్రూక్‌తో కలిసి దూరపు పందెంలో డుకాటీ నడిపి, తన చేతివాటం పోలేదని తెలుసుకొన్నాడు.

ఈ వాహనపు ఇంజను సామర్థ్యం 864 సీసీ. రెండు సిలిండర్లు 90 డిగ్రీల కోణంలో, ఒకటి దాదాపు నిలువుగా, రెండవది దాదాపు అడ్డంగా అమర్చబడి ఉంటాయి. ఈ అమరిక వలన ఇంజను సన్నగా ఉంటుంది, కుదుపు తక్కువ, బరువు నేలకు దగ్గరగా ఉంటుంది. దీని రూపకర్త ఫాబియో తల్యోని. సాధారణ ఇంజనులో కవాటాన్ని క్యామ్ తెరుస్తుంది, స్ప్రింగు మూస్తుంది. ఇంజను అతివేగంగా తిరిగేటప్పుడు స్ప్రింగు ఆ వేగాన్ని అందుకోలేక కవాటం సకాలంలో మూసుకోదు. తల్యోని వాడిన డెస్మోడ్రోమిక్ పద్ధతిలో కవాటాన్ని మూయడానికి కూడా ప్రత్యేకంగా క్యామ్ ఉంటుంది, కనుక ఆ ఇబ్బంది ఉండదు.

ప్రత్యర్థుల నాలుగు సిలిండర్ల హోండాలు శక్తిలో దీనికంటే మిన్న. కాని డుకాటీ శక్తి ఒక్కసారిగా విరుచుకుపడక, తక్కువ వేగం నుండే నిలకడగా అందేది. దీర్ఘమైన మలుపులలో గీత గీసినట్లు నిలిచేది. 1967లో శక్తి ఉండి నిలకడలేని హోండాతో కుస్తీపట్టిన రేసరుకు, 1978లో అందుకు తలకిందులైన వాహనం లభించింది. ఎగుడుదిగుడు రహదారిపై గంటకు పైగా మైలు తరువాత మైలు నడపవలసిన చోట ఈ తేడా చిన్నది కాదు. తిరిగివచ్చిన హేల్‌వుడ్ ఉద్దేశం కూడా ప్రధానంగా ఆనందంకోసం నడపడమే. బతుకుతెరువు కోసమో, పేరు కోసమో అతడు రావలసిన అవసరం లేదు. పేరు పోగొట్టుకొనే అవకాశం మాత్రం నిండుగా ఉంది. పదకొండేళ్ళలో టైర్లు, బ్రేకులు, నడిపే తీరు మారిపోయాయి. వెనుకబడిన హేల్‌వుడ్‌ను చూడవలసి వస్తుందేమోనని అభిమానులే భయపడ్డారు.

జూన్ 3 పందెం

పందెం 6 చుట్లు, 226.38 మైళ్ళు (364 కి.మీ.). టి.టి.లో అందరూ ఒకేసారి బయలుదేరరు. జంటలు జంటలుగా పది సెకన్ల తేడాతో వదులుతారు, గడియారమే విజేతను నిర్ణయిస్తుంది. రీడ్ సంఖ్య 1, హేల్‌వుడ్ సంఖ్య 12. అంటే హేల్‌వుడ్ 50 సెకన్లు వెనుక బయలుదేరాడు. రీడ్ అతనికంటే ఒక ఏడాది పెద్దవాడన్నది గమనార్హం. పాతతరానికి చెందిన ఇద్దరే పందానికి ముందు నిలిచారు.

హేల్‌వుడ్ ఆ 50 సెకన్లను క్రమంగా కరిగించి, రహదారి మీదనే రీడ్‌ను చేరుకొన్నాడు. కొంతదూరం ఇద్దరూ ఒకరి వెంట ఒకరుగా సాగారు. కాని గడియారం లెక్కన అప్పటికే హేల్‌వుడ్ చాలా ముందున్నాడు. అయిదవ చుట్టులో రీడ్ హోండా ఇంజను మొరాయించి అతడు తప్పుకొన్నాడు. హేల్‌వుడ్ 2 గంటల 5 నిమిషాల 10 సెకన్లలో, గంటకు 108.51 మైళ్ళ (174.6 కి.మీ.) సగటు వేగంతో పందెం ముగించాడు. అతని అత్యుత్తమ చుట్టు వేగం 110.62 మైళ్ళు (178 కి.మీ.), అంటే 1967 నాటి తన రికార్డు కంటే ఎక్కువ. రెండవ స్థానం హోండాపై పాల్గొన్న జాన్ విలియమ్స్‌ది. ముగింపు రేఖ వద్దకు వచ్చేసరికి డుకాటీ ఇంజనులోని బెవెల్ గేరు భాగం చెడిపోయిందని వైన్ తరువాత వెల్లడించాడు. ఇంకొక మైలు ఉంటే ఫలితం వేరుగా ఉండేది.

ఇది హేల్‌వుడ్‌కు 13వ టి.టి. విజయం, 10వ ప్రపంచ టైటిలు. డుకాటీకి ఇది మొట్టమొదటి ప్రపంచ టైటిలు. రీడ్ తప్పుకోవడం వల్లనే గెలుపు దక్కిందనే అభిప్రాయం సరికాదు, ఎందుకంటే రీడ్ ఇంజను ఆగేనాటికే తేడా హేల్‌వుడ్ పక్షాన ఉంది. అయితే అప్పటి ఫార్ములా వన్ తరగతిలో గ్రాండ్ ప్రి స్థాయి యువ రేసర్లు అందరూ పాల్గొనలేదన్నది కూడా నిజం.

అదే వారం ఇతర తరగతులలో హేల్‌వుడ్ యమహాలపై పాల్గొన్నాడు గాని, యాంత్రిక లోపాల వలన ఆశించిన ఫలితాలు రాలేదు. ఆ వారం మరికొందరికి విషాదంగా ముగిసింది. సైడ్‌కార్ పందెంలో మాక్ హాబ్సన్, కెన్నీ బిర్చ్, ఎర్నస్ట్ ట్రాక్సెల్ మరణించారు. సీనియర్ టి.టి.లో 500 సీసీ గ్రాండ్ ప్రి గెలిచిన తొలి అమెరికన్ పాట్ హెనెన్, 25 ఏళ్ళ వయసులో, రికార్డు స్థాయి వేగంతో నడుపుతూ పడిపోయి తలకు తీవ్రగాయం పొందాడు. అతడు మళ్ళీ పందేలలో పాల్గొనలేదు.

వారం తరువాత మాలరీ పార్క్‌లో, పర్వత మార్గంతో ఏ పోలికా లేని పొట్టి బాటపై, హేల్‌వుడ్ అదే డుకాటీతో మళ్ళీ గెలిచాడు. ద్వీపపు దారి గుర్తుండడం వల్లనే అతడు నెగ్గాడన్న వాదనకు ఇది సమాధానమైంది.

1979

మరుసటి సంవత్సరం హేల్‌వుడ్ సుజుకీ ఆర్.జి.500పై సీనియర్ టి.టి. గెలిచాడు. సగటు వేగం గంటకు 111.75 మైళ్ళు, చుట్టు రికార్డు 114.02 మైళ్ళు (183.5 కి.మీ.). ఇది అతని 14వ, చివరి టి.టి. విజయం. రెండు స్ట్రోకుల ఈ ఇంజను స్వభావం డుకాటీకి పూర్తి విరుద్ధం. దానిపై 39 ఏళ్ళ వయసులో రికార్డు నెలకొల్పడం 1978 విజయం కంటే ఏ విధంగానూ తక్కువది కాదు, అయినా జనం ఎక్కువగా తలచుకొనేది డుకాటీనే. అదే వారం క్లాసిక్ టి.టి.లో అదే 500 సీసీ సుజుకీతో, 996 సీసీ హోండా నడిపిన అలెక్స్ జార్జి చేతిలో కేవలం 3.4 సెకన్ల తేడాతో ఓడిపోయాడు. ఆ తరువాత ద్వీపపు పందేలకు శాశ్వతంగా స్వస్తి చెప్పాడు.

మరణం

పందేల నుండి విరమించిన హేల్‌వుడ్, మాజీ ప్రపంచ ఛాంపియన్ రాడ్నీ గౌల్డ్‌తో కలిసి బర్మింగ్‌హామ్‌లో మోటార్‌సైకిళ్ళ దుకాణం నడిపాడు. 1981 మార్చి 21 సాయంత్రం, చేపల వేపుడు, బంగాళాదుంప ముక్కలు కొనుక్కురావడానికి పిల్లలతో కారులో బయలుదేరాడు. వార్విక్‌షైర్‌లోని రహదారిపై నిబంధనలకు విరుద్ధంగా మలుపు తిరుగుతున్న లారీని ఆ కారు ఢీకొన్నది. తొమ్మిదేళ్ళ కుమార్తె మిషెల్ అక్కడే మరణించింది. కుమారుడు డేవిడ్ స్వల్ప గాయాలతో బయటపడ్డాడు. హేల్‌వుడ్ రెండు రోజుల తరువాత, 40 ఏళ్ళ వయసులో, ఆసుపత్రిలో కన్నుమూశాడు. లారీ డ్రైవరుకు న్యాయస్థానం 100 పౌండ్ల జరిమానా విధించింది.

జ్ఞాపికలు

1978 విజయం తరువాత డుకాటీ, ఎరుపు, ఆకుపచ్చ రంగులతో మైక్ హేల్‌వుడ్ రెప్లికా అనే నమూనాను 1979లో విడుదల చేసింది. మొదట కొద్ది సంఖ్యలో మాత్రమే చేయాలనుకొన్న ఈ వాహనాన్ని గిరాకీని బట్టి 1980ల మధ్యకాలం వరకు తయారుచేశారు. అంతర్జాతీయ మోటార్‌సైకిల్ సమాఖ్య 2000లో హేల్‌వుడ్‌ను గ్రాండ్ ప్రి లెజెండ్‌గా గుర్తించింది. ద్వీపంలో పర్వత మార్గం అత్యున్నత స్థానానికి చేరే ఎగువ భాగాన్ని హేల్‌వుడ్ రైజ్ అని, దారిలో అన్నిటికంటే ఎత్తయిన చోటును హేల్‌వుడ్స్ హైట్ అని పిలుస్తారు.