గజ్జి – రోగనిరోధక స్పందన

గజ్జి సార్కాప్టిస్ స్కేబియై అనే సూక్ష్మ పురుగు వల్ల వచ్చే చర్మవ్యాధి. అర మిల్లీమీటరైనా లేని ఆడపురుగు చర్మం పైపొరలో సొరంగం తొలిచి, అందులోనే గుడ్లు పెడుతుంది. అయితే దురదకు ప్రధాన కారణం ఆ తొలిచే పని కాదు. పురుగు మీద, దాని లాలాజలం, మలం, గుడ్ల మీద మన శరీరం చూపే అలర్జీయే.

ఆ అలర్జీ ఏర్పడటానికి సమయం పడుతుంది. అందుకే మొదటిసారి సోకినవారికి 4 నుంచి 6 వారాల దాకా ఏమీ తెలియదు. ఆలోగా ఇంట్లో మరికొందరికి అంటిస్తారు. ఒకసారి పురుగును గుర్తుపట్టిన టి-కణాలు (రోగనిరోధక వ్యవస్థలోని తెల్ల రక్తకణాలు) మాత్రం మరచిపోవు: రెండోసారి ఒకటి రెండు రోజుల్లోనే దురద మొదలవుతుంది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో కెన్నెత్ మెలన్బీ స్వచ్ఛంద సేవకులపై జరిపిన ప్రయోగాల్లో ఈ తేడా స్పష్టంగా తేలింది. రెండోసారి పురుగుల సంఖ్య కూడా బాగా తగ్గింది. మామూలు గజ్జిలో ఒంటిమీద ఉండేవి సాధారణంగా 10–15 పురుగులే. గోకడం కూడా కొన్నింటిని తొలగిస్తుంది, కానీ ఆ గాట్లలోంచే స్ట్రెప్టోకాకస్ వంటి బాక్టీరియా చొరబడుతుంది.

పురుగూ ఊరుకోదు. అది విడుదల చేసే కొన్ని ప్రోటీన్లు రక్తంలోని కాంప్లిమెంట్ వ్యవస్థను, అంటే చొరబడినవాటిపై దాడి చేసే ప్రోటీన్ల సమూహాన్ని, అడ్డుకుంటాయి.

హెచ్‌ఐవీ ఉన్నవారిలో, దీర్ఘకాలం స్టిరాయిడ్లు వాడేవారిలో రోగనిరోధక శక్తి తగ్గడం వల్ల పొలుసుల గజ్జి అనే తీవ్రరూపం రావచ్చు. పురుగులు వేలకు, లక్షలకు చేరతాయి. అలర్జీకి సంబంధించిన ఐజీఈ ప్రతిరక్షకాలు విపరీతంగా పెరిగినా, అవి రక్షణ ఇవ్వవు. దురద కొందరిలో అంతగా ఉండదు కాబట్టి జబ్బును పోల్చుకోవడం ఆలస్యమవుతుంది.

పెర్మెత్రిన్ అనే పురుగులను చంపే మందు పూతతో పురుగులు చచ్చాక కూడా, వాటి అవశేషాల వల్ల కొన్ని వారాలు దురద ఉండవచ్చు. అది మందు పనిచేయలేదనడానికి గుర్తు కాదు.