పేగు శోథ వ్యాధులు: కారణాలు, ప్రమాద కారకాలు

పేగు శోథ వ్యాధులు అనే పేరు కింద ప్రధానంగా క్రాన్స్ వ్యాధిని, అల్సరేటివ్ కొలైటిస్‌ను చేరుస్తారు. మొదటిది జీర్ణనాళంలో ఎక్కడైనా, ముఖ్యంగా చిన్నపేగు చివరి భాగమైన శేషాంత్రంలో తలెత్తి పేగు గోడ మందమంతా పాకగలదు. రెండవది పెద్దపేగు లోపొరకు పరిమితమవుతుంది. రెండింటికీ ఏకైక కారణం తేలలేదు. జన్యుపరంగా లోనయ్యే స్వభావం ఉన్నవారిలో, పేగులోని సూక్ష్మజీవులపై రోగనిరోధక వ్యవస్థ అదుపు తప్పి స్పందించడం వల్ల, పరిసరాల ప్రేరణతో ఇవి వస్తాయన్న అభిప్రాయానికే నేడు బలం ఎక్కువ.

క్రాన్, గింజ్‌బర్గ్, ఓపెన్‌హైమర్ 1932లో న్యూయార్క్ నుంచి ప్రకటించిన వ్యాసంతో క్రాన్స్ వ్యాధి ప్రసిద్ధికెక్కినా, పోలండ్ వైద్యుడు లెష్నియోవ్‌స్కీ అలాంటి రోగులను అంతకుముందే, 1903లోనో 1904లోనో, వర్ణించినట్టు చెబుతారు. స్కాట్లాండ్ శస్త్రవైద్యుడు డాల్‌జీల్ 1913లో ఈ వ్యాధికీ పశువులకు వచ్చే జోనీ వ్యాధికీ పోలిక గమనించాడు. జోనీ వ్యాధిని కలిగించే మైకోబ్యాక్టీరియమే మనుషుల్లోనూ కారణమన్న వాదం అక్కడి నుంచి బయలుదేరింది; అయితే ఆ క్రిమిపై పనిచేసే యాంటీబయాటిక్‌లను రెండేళ్లపాటు ఇచ్చి చూసిన ఆస్ట్రేలియా పరీక్షలో (2007) నిలకడైన ప్రయోజనం కనబడకపోవడంతో ఆ వాదం చాలావరకు వెనకబడింది.

వంశ చరిత్ర బలమైన ప్రమాద కారకం. ఒకే అండం నుంచి పుట్టిన కవలల్లో ఒకరికి క్రాన్స్ వ్యాధి ఉంటే రెండవవారికి వచ్చే అవకాశం అధ్యయనాన్ని బట్టి సుమారు మూడింట ఒక వంతు నుంచి సగం వరకు ఉంటుందని, అల్సరేటివ్ కొలైటిస్‌లో అది ఇంకా తక్కువని తేలింది. 2001లో రెండు పరిశోధక బృందాలు వేర్వేరుగా 16వ క్రోమోజోముపై గుర్తించిన నాడ్2 జన్యువు, బ్యాక్టీరియా కణకవచపు ముక్కలను పసిగట్టే ప్రోటీన్‌కు సంబంధించినది. ఆ తర్వాత రెండు వందలకు పైగా జన్యుస్థానాలు బయటపడ్డాయి. ఐరోపావారిలో ముఖ్యమైన నాడ్2 మార్పులు భారతీయుల్లో, తూర్పు ఆసియావారిలో అరుదు. పైగా కొన్ని దశాబ్దాల్లోనే రోగుల సంఖ్య పెరగడాన్ని జన్యువులతో వివరించలేం.

సూక్ష్మజీవుల పాత్రకు గట్టి ఆధారం ఎలుకల నుంచి వచ్చింది. శోథాన్ని అణచే ఇంటర్‌ల్యూకిన్-10 లేని ఎలుకలకు మామూలుగా పెద్దపేగు శోథం వస్తుంది. క్రిమిరహిత వాతావరణంలో పెంచితే రాదు. క్రాన్స్ రోగుల్లో ఫీకలిబ్యాక్టీరియం వంటి మేలుచేసే బ్యాక్టీరియా తగ్గడం వ్యాధికి కారణమా, ఫలితమా అన్నది ఇంకా చర్చనీయాంశమే.

పరిసర కారకాల్లో పొగాకుది విచిత్రమైన స్థానం. పొగతాగేవారికి క్రాన్స్ ముప్పు దాదాపు రెట్టింపు. శస్త్రచికిత్స అవసరమూ ఎక్కువ. అల్సరేటివ్ కొలైటిస్ మాత్రం పొగతాగనివారిలో, మరీ ముఖ్యంగా మానేసినవారిలో అధికం. ఇది పొగ మొదలుపెట్టడానికి సాకు కాదన్నది వేరే చెప్పనక్కరలేదు. అపెండిక్స్ వాపు వచ్చి చిన్న వయసులోనే దాన్ని తొలగించుకున్నవారికి అల్సరేటివ్ కొలైటిస్ తక్కువగా రావడం స్వీడన్ అధ్యయనాల్లో కనిపించింది. బాల్యంలో యాంటీబయాటిక్‌ల వాడకానికి, బాగా ప్రాసెస్ చేసిన ఆహారానికి వ్యాధితో సంబంధం ఉన్నట్టు పలు పరిశీలనలు సూచించినా, అవి కార్యకారణాన్ని రుజువు చేయవు. మానసిక ఒత్తిడి వ్యాధిని తిరగబెట్టించవచ్చునే గాని, ఒకప్పుడు భావించినట్టు మూలకారణం కాదు.

వలసల సాక్ష్యం పరిసరాల వైపే మొగ్గుతుంది. బ్రిటన్‌లోని లెస్టర్‌లో స్థిరపడిన దక్షిణాసియావారిలో అల్సరేటివ్ కొలైటిస్ స్థానిక ఐరోపా సంతతివారికంటే ఎక్కువని 1990ల నాటి అధ్యయనాలు చూపాయి. భారతదేశంలో ఇది అరుదన్న పాత నమ్మకాన్ని పంజాబ్‌లో జరిగిన సర్వే (2003) సడలించింది. క్రాన్స్ లెక్కలను మాత్రం జాగ్రత్తగా చదవాలి: పేగు క్షయ లక్షణాలు, ఎండోస్కోపీలో కనబడే పుండ్లు దాన్నే పోలి ఉండడంతో, వెనకటి రోగుల్లో కొందరికి క్షయ మందులే ఇచ్చి ఉండవచ్చు.