స్వేచ్ఛాపతనం: ఓరుగల్లు లెక్క

భూమి లాగుడు తప్ప మరే బలమూ పనిచేయకుండా వస్తువు పడటాన్ని భౌతికశాస్త్రం స్వేచ్ఛాపతనం అంటుంది. అలా పడేటప్పుడు వేగం ప్రతి సెకనుకూ ఎంత చొప్పున పెరుగుతుందో చెప్పే సంఖ్య గురుత్వ త్వరణం. విద్యార్థుల నోట ఇది ‘స్మాల్ జీ’. పాఠ్యపుస్తకం దాని విలువ 9.8 అంటుంది. ప్రవేశ పరీక్షల ప్రశ్నలు లెక్క తేలికవ్వాలని చాలాసార్లు 10 అనుకోమంటాయి. వరంగల్‌లో అది 9.8 కాదు, 10 అసలే కాదు. ఈ ఊరు ఉత్తర అక్షాంశం 18 డిగ్రీల దగ్గర, సముద్రమట్టానికి సుమారు 266 మీటర్ల ఎత్తున ఉంది. ఈ రెండింటినీ సూత్రంలో వేస్తే సెకనుకు సెకనుకు దాదాపు 9.784 మీటర్లు వస్తుంది. మూడో దశాంశ స్థానం దాకా పట్టించుకోవడం చాదస్తంలా కనిపించవచ్చు. కానీ ఈ విషయం చరిత్రలో సగం ఆ చిన్న తేడాల వెంట పడినవాళ్లదే, వాళ్లలో కొందరు ఈ దక్కన్ నేల మీదే తిరిగారు.

ముందు పెద్ద అంకెల సంగతి. జనగామ నుంచి వరంగల్ దాకా దారి పొడవునా తాటిచెట్లే. 15 మీటర్ల ఎత్తున తాటిపండు తొడిమ ఊడితే నేలను తాకడానికి 1.75 సెకన్లు పడుతుంది. మొదటి సెకనులో అది దిగేది 4.9 మీటర్లే. మిగిలిన పది మీటర్లనూ ముప్పావు సెకనులో ముగించి, గంటకు 62 కిలోమీటర్ల వేగంతో నేలకు కొట్టుకుంటుంది. కాకి వాలడం, తాటిపండు రాలడం కలిసి ‘కాకతాళీయం’ అన్న మాట పుట్టింది. వాలడం యాదృచ్ఛికమేమో గానీ, రాలిన తర్వాత జరిగేదంతా కచ్చితమైన లెక్క.

ఆ లెక్క పండుకూ మనిషికీ ఒకటే. మోకు, ముత్తాదు నమ్ముకుని చెట్టెక్కే గౌడన్న పట్టు జారితే అదే 1.75 సెకన్లు, అదే 62 కిలోమీటర్ల వేగం. తెలంగాణ ప్రభుత్వం 2024 జులైలో ‘కాటమయ్య రక్షణ కవచం’ పేరుతో గీత కార్మికులకు కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. దాని వెనకున్న సూత్రం సులువు. మీటరు జారేలోపే పట్టేస్తే వేగం గంటకు 16 కిలోమీటర్లు మించదు. దెబ్బలోని శక్తి వేగానికి కాదు, వేగం వర్గానికి అనుపాతంలో ఉంటుంది కాబట్టి మీటరు పతనంలో చేరే శక్తి 15 మీటర్ల పతనంలో చేరేదానిలో పదిహేనో వంతే.

బరువైనది ముందు పడుతుందన్న నమ్మకం మాత్రం చాలా పాతది. క్రీస్తుపూర్వం నాలుగో శతాబ్దంలో అరిస్టాటిల్ దాన్ని సిద్ధాంతం చేశాడు. దాన్ని పరీక్షించడానికి వరంగల్ చుట్టుపక్కల మంచి సరుకే దొరుకుతుంది. పాలంపేటలో కాకతీయ సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన రామప్ప గుడి శిఖరంలో వాడిన ఇటుకలు నీటిలో తేలతాయి. సాంద్రత నీటికన్నా తక్కువ. శిఖరం బరువు తగ్గించడానికి శిల్పులు చేసిన ఏర్పాటు ఇది. ఆ ఇటుకనూ, అదే పరిమాణంలో ఉన్న నల్లరాతి దిమ్మనూ ఒకే ఎత్తు నుంచి ఒకేసారి వదిలితే? నీటిలో ఒకటి తేలుతుంది, ఒకటి మునుగుతుంది. గాలిలో మాత్రం ఆ కొద్దిపాటి ఎత్తుకు రెండూ ఇంచుమించు కలిసే నేలకు చేరతాయి. రాయిని భూమి మూడింతలు గట్టిగా లాగుతుంది, నిజమే. కానీ రాయిని కదిలించడానికీ మూడింతల బలం కావాలి. ఆ రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి.

(యునెస్కో 2021లో రామప్పను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది కాబట్టి, ఈ ప్రయోగం ఊహలోనే చేసుకోవాలి.)

గాలి అడ్డుపడితే కథ మారుతుంది. ఏనుమాముల మార్కెట్‌లో పత్తి పింజ ఒకటి, ఎండుమిరపకాయ ఒకటి చేతిలోంచి వదిలితే మిరపకాయే గెలుస్తుంది. పింజకు బరువు తక్కువ, గాలికి ఎదురయ్యే వైశాల్యం ఎక్కువ. కాసేపటికే గాలి అడ్డు దాని బరువుకు సమానమై, ఆపైన వేగం పెరగదు. అరిస్టాటిల్ చూసింది ఇదే. ఆయన కళ్లు మోసపోలేదు, గాలిని లెక్కలోంచి తీసేయడం ఆయనకు తోచలేదు. గాలే లేని చోట ఏమవుతుందో 1971 ఆగస్టు 2న చంద్రుడి మీద అపోలో 15 వ్యోమగామి డేవిడ్ స్కాట్ చూపించాడు. సుత్తినీ డేగ ఈకనూ ఒకేసారి వదిలితే రెండూ ఒకేసారి పడ్డాయి, అదీ తాపీగా. అక్కడి గురుత్వ త్వరణం 1.62 మాత్రమే మరి.

భూమి లాగుతుందన్న ఆలోచన మన దగ్గర కొత్తది కాదు. భాస్కరాచార్యుడు 1150లో ముగించిన ‘సిద్ధాంత శిరోమణి’ గోళాధ్యాయంలో భూమికి ఆకర్షణ శక్తి ఉందనీ, బరువైన వస్తువులు పడుతున్నట్టు కనిపించేది అందుకేననీ చెప్పాడు. హనుమకొండలో వేయిస్తంభాల గుడి శాసనం వేసింది మరో 13 ఏళ్లకు, 1163లో. అయితే ఎంత వేగంగా పడుతుంది, ఏ నియమంతో పడుతుంది అన్న ప్రశ్న ఆ గ్రంథంలో లేదు. అన్నీ మన పుస్తకాల్లోనే ఉన్నాయనేవాళ్లూ, ఏమీ లేదనేవాళ్లూ ఈ తేడా దగ్గర కాస్త ఆగితే మంచిది.

ఆ ప్రశ్న అడిగినవాడు గెలీలియో. పీసా వాలుగోపురం మీంచి గుండ్లు జారవిడిచాడన్నది ఆయన పోయాక శిష్యుడు వివియాని రాసిన కథ. చరిత్రకారుల్లో చాలామంది దాన్ని నమ్మరు. అసలు పని వాలుపలక మీద జరిగింది. నిట్టనిలువు పతనం కొలవలేనంత వేగం కాబట్టి, గుండును వాలులో దొర్లించి పతనాన్ని నెమ్మది చేశాడు. కాలాన్ని కొలవడానికి కుండలోంచి సన్నటి ధారగా కారిన నీటిని తూచాడు. వరుస కాలభాగాల్లో గుండు దాటే దూరాలు 1, 3, 5, 7 నిష్పత్తిలో పెరుగుతున్నాయని తేలింది. అంటే దూరం కాలం వర్గానికి అనుపాతం. 1638లో అచ్చయిన ‘రెండు కొత్త శాస్త్రాలు’ దీన్ని లోకానికి అందించింది. నిజంగా గోపురమెక్కి వస్తువులు వదిలి కొలిచినవాడు బొలోనియాకు చెందిన రిచియోలి. తన లోలకం సరైన సెకన్లు చూపుతోందో లేదో తేల్చడానికి తోటి జెసూట్ ఫాదర్ల చేత 24 గంటలపాటు ఊపులు లెక్కపెట్టించాడు. అంత ఓపిక ఈ రంగంలో తర్వాత కూడా కొందరిలోనే కనిపిస్తుంది.

జీ విలువ అన్నిచోట్లా ఒకటి కాదన్న సంగతి ఒక గడియారం చెప్పింది. 1672లో జాన్ రీషే పారిస్ నుంచి దక్షిణ అమెరికాలోని కయెన్‌కు లోలక గడియారం తీసుకెళ్తే, అది రోజుకు రెండున్నర నిమిషాలు వెనకబడింది. కారణం న్యూటన్ 1687లో వివరించాడు. తిరిగే భూమి మధ్యలో ఉబ్బి ఉంటుంది, అక్కడ లాగుడు తగ్గుతుంది. భూమధ్యరేఖ మీద 9.780, ధ్రువాల దగ్గర 9.832. పారిస్‌లో సరిచేసిన లోలక గడియారాన్ని వరంగల్‌కు తెస్తే రోజుకు దాదాపు నిమిషం 50 సెకన్లు వెనకబడుతుంది. దాన్ని దారిలో పెట్టాలంటే సెకను లోలకం పొడవు 99.4 సెంటీమీటర్ల నుంచి 99.1కి కుదించాలి.

ఈ తేడాలు కొలిచే పని భారతదేశానికి వచ్చింది భూమి సర్వే రూపంలో. విలియం లాంబ్టన్ 1802లో మద్రాసు దగ్గర మొదలుపెట్టిన మహా త్రికోణమితీయ సర్వే హైదరాబాద్ రాజ్యం దాకా పాకింది. 1818 చివర్లో అక్కడ చేరిన సహాయకుడు జార్జ్ ఎవరెస్ట్‌కు లాంబ్టన్ అప్పగించిన మొదటి పెద్ద పని కృష్ణా గోదావరుల నడుమ అడవి ప్రాంతం. ఆ అడవి జ్వరం ఎవరెస్ట్‌ను ఎంత పడగొట్టిందంటే, కోలుకోవడానికి 1820లో ఆఫ్రికా దక్షిణాగ్రానికి వెళ్లాల్సి వచ్చింది. తర్వాత శిఖరానికి పేరైనవాడు తెలుగు నేల మన్నెపు జ్వరం నుంచి తప్పించుకున్నవాడన్నమాట.

సర్వేలో ఒక చిక్కు మిగిలింది. కల్యాణ, కల్యాణపూర్ సర్వే స్టేషన్ల మధ్య అక్షాంశ భేదాన్ని నేల మీద కొలిచి లెక్కిస్తే ఒకటి, నక్షత్రాలను చూసి లెక్కిస్తే ఇంకొకటి వచ్చింది. తేడా ఐదు సెకన్ల కోణానికి కాస్త ఎక్కువ. హిమాలయాలు నిలువు చూపే తూకపు గుండును తమవైపు లాగుతున్నాయని కలకత్తా ఆర్చ్‌డీకన్ ప్రాట్ 1855లో లెక్కవేశాడు. అయితే ఆయన లెక్క ప్రకారం తేడా మూడింతలు ఉండాలి. అంటే పర్వతాల కింద ద్రవ్యం అనుకున్నంత లేదు. దీన్ని నేరుగా తేల్చడానికి కెప్టెన్ బసేవి 1865 నుంచి లండన్ రాయల్ సొసైటీ ఇచ్చిన ఇత్తడి లోలకాలతో దేశం పొడవునా బయల్దేరాడు. ఆయన ఆగిన చోట్లలో ఇప్పటి వికారాబాద్ జిల్లా కొడంగల్ ఒకటి. ఒక్కో చోట గాలి తీసేసిన పాత్రలో లోలకాన్ని ఊపి, గంటల తరబడి ఊపులు లెక్కించేవాడు. 1871లో లద్దాఖ్ పీఠభూమి మీద, 15,000 అడుగులు దాటిన ఎత్తున, ఆ పనిలోనే చనిపోయాడు. ఆయన కొలతలు ప్రాట్ అనుమానాన్ని బలపరిచాయి. కొండల్లో జీ ఉండాల్సినదానికన్నా తక్కువే ఉంది.

ఇప్పుడు ఆ పని హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థది. 1961లో ఏర్పడిన ఈ సంస్థ 1970లలో దేశ గురుత్వ పటాలు ప్రచురించింది. కొలత ప్రమాణం పేరు ‘గాల్’, గెలీలియో పేరు మీద. పటంలో కనిపించేది అందులో వెయ్యో వంతు, మిల్లీగాల్. ఓరుగల్లు పేరులోనే ఒంటిరాయి ఉంది. ఊరు కూర్చున్నది గట్టి గ్రానైటు మీద. అక్కడి నుంచి ఈశాన్యంగా భూపాలపల్లి బొగ్గుగనుల వైపు వెళ్తే కింద ఇసుకరాయి, బొగ్గు పొరలు వస్తాయి. అవి గ్రానైటుకన్నా తేలిక. అందుకే గోదావరి లోయ పొడవునా గురుత్వ పటం కుంగి కనిపిస్తుంది. తేడా లక్షలో కొన్ని వంతులే. బొగ్గు, చమురు ఎక్కడున్నాయో వెతికేవాళ్లకు ఆ మాత్రం చాలు. గురుత్వాన్ని కొలిచే నేటి గ్రావిమీటర్లలో అత్యంత కచ్చితమైనవి మళ్లీ గోపురం పద్ధతికే వచ్చాయి. శూన్యం చేసిన గొట్టంలో ఒక అద్దాన్ని జానెడు దూరం పడనిచ్చి, దాని పతనాన్ని లేజర్‌తో కొలుస్తాయి.

పడిపోతున్నవాడికి తన బరువు తెలియదు. ఆంధ్రప్రదేశ్‌లో పుట్టిన బండ్ల శిరీష 2021 జులై 11న అమెరికాలో వర్జిన్ గెలాక్టిక్ నౌకలో 86 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లి కొన్ని నిమిషాలు తేలియాడింది. అక్కడ గురుత్వం లేకపోవడం కారణం కాదు. ఆ ఎత్తులో జీ భూమి మీది విలువలో 97 శాతం ఉంటుంది. నౌక, అందులోని మనుషులు కలిసి ఒకే త్వరణంతో పడుతున్నారు, అంతే. తండ్రి వైపు తెలంగాణ మూలాలున్న రాజా చారి అదే ఏడాది నవంబరులో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి వెళ్లి 177 రోజులు ఇలాగే ‘పడుతూ’ గడిపాడు. పక్కకు వెళ్లే వేగం సెకనుకు ఏడున్నర కిలోమీటర్లు దాటితే, పడేకొద్దీ భూమి వంపు కూడా అంతే దిగిపోతుంది. నేల ఎప్పటికీ తగలదు.

వరంగల్ 9.784ను చూడటానికి అంత దూరం పోనక్కర్లేదు. ఇంటర్ ల్యాబుల్లో లఘు లోలకం ఉంటుంది. మీటరు దారం, ఇనుప గుండు, స్టాప్‌వాచ్. అలవాటుగా 20 ఊపులు లెక్కపెడతారు. జీ విలువ 9.8 అయితే వచ్చే కాలానికీ, 9.784 అయితే వచ్చే కాలానికీ 20 ఊపుల మీద తేడా సెకనులో నూరింట మూడు వంతులు. బొటనవేలు నొక్కడంలోనే అంతకన్నా ఎక్కువ పోతుంది, అందుకే రికార్డు పుస్తకాల్లో అందరికీ 9.8 వస్తుంది. 200 ఊపులు లెక్కిస్తే తేడా సెకనులో మూడో వంతు అవుతుంది. ఊపు రెండు మూడు డిగ్రీలు మించకుండా, దారం పొడవు గుండు మధ్య దాకా మిల్లీమీటరు తప్పకుండా కొలిస్తే ఆ తేడా బయటపడుతుంది. మొత్తం పట్టే సమయం 6 నిమిషాల 42 సెకన్లు.