స్వగ్రంథపరిష్కరణము: తాళపత్రము మొదలు అచ్చుచిత్తు వఱకు

గ్రంథము వ్రాయుట యొక పని. వ్రాసినదానిని లోకమునకు విడుచుటకు ముందు గ్రంథకర్త తానే పరీక్షించుకొనుట మఱియొక పని. కవికాలమును, కృతిపతిని, ఛందోవిశేషములను విచారించినంతగా ఈ రెండవపనిని సాహిత్యచరిత్రకారులు విచారించుట యరుదు. కాని తెలుఁగునాట అచ్చుయంత్రము వ్యాపించిన పిదప గ్రంథకర్త ధర్మమున కలిగిన మార్పు తెలియవలెనన్నచో ఈ విచారణ యావశ్యకము.

గంటముతో తాటియాకుపై గీసిన యక్షరమును చెఱపివేయుటకు వీలు లేదు. ఆకునకు మసి పట్టించినపుడు ఒప్పును తప్పును సమానముగానే నల్లఁబడి కనఁబడును. తప్పిన యక్షరమును కొట్టివేయుట, విడిచిన యక్షరమును హంసపాదపు గుర్తుతో పంక్తుల నడుమ చేర్చుట, ఇవియే లేఖకునకుఁ గల యుపాయములు. పదములకు నడుమ ఎడము లేదు, విరామచిహ్నములు స్వల్పము. తాము చూచినట్లే వ్రాసితిమనియు, దోషములున్న తమ్ము నిందింపవలదనియు గ్రంథాంతమున లేఖకులు శ్లోకరూపమున వేఁడుకొనుట పరిపాటి. ఆ వేఁడుకోలునందు న్యాయము లేకపోలేదు. తప్పు ఆ యొక్క ప్రతియందే యుండెను. దానిని చూచి మరల వ్రాసికొను పండితుఁడు సమర్థుఁడైనచో దిద్దుకొనును, అసమర్థుఁడైనచో పెంచును. అనఁగా ఆ కాలమున పరిష్కరణభారము కవియొక్కనిది కాదు. తరతరముల పాఠకులు దానిని పంచుకొనిరి.

అచ్చు ఈ స్థితిని తలక్రిందులు చేసినది. 1814లో శ్రీరామపురమున కేరీ తెలుఁగు వ్యాకరణమును, 1816లో చెన్నపట్టణమున కేంబెల్ వ్యాకరణమును ముద్రితములైన నాఁటినుండి తెలుఁగుచదువు క్రమముగా అచ్చుపుస్తకమునకు అలవాటుపడెను. తాళపత్రమున ఒక ప్రతి కొక తప్పు. అచ్చున వేయి ప్రతులకు ఒకటే తప్పు. పోల్చి చూచుటకు వేఱు ప్రతి లేకపోవుటచే చదువరి దానిని ఒప్పుగానే గ్రహించును. పిల్లలకు పాఠము చెప్పు పండితుఁడు దానిని ప్రయోగముగా నుదాహరించినను ఆశ్చర్యము లేదు.

తెలుఁగు లిపిలో ఈ యపాయము మిక్కిలి సూక్ష్మమైనది. అరసున్న యొకటి జాఱినచో సంవత్సరమును దెలుపు ‘ఏఁడు’ సంఖ్యావాచకమగు ‘ఏడు’గా మాఱును. శకటరేఫము సాధురేఫమైనచో భేదమును దెలుపు ‘వేఱు’ చెట్టు ‘వేరు’ అగును. జీర్ణమగుట యను నర్థమిచ్చు ‘అఱుగు’ పోవుట యను నర్థమిచ్చు ‘అరుగు’ అగును. ఇట్టి తావుల ఏర్పడిన తప్పుపదము కూడ నిఘంటువున నున్న పదమే. కావున కన్ను దానిపై నిలువక జాఱిపోవును. అర్థమును వాక్యమును కలిపి చూచినఁగాని దోషము పట్టువడదు.

ఇందు గ్రంథకర్తకే యెక్కువ కష్టము. తాను వ్రాయఁదలఁచినది ఆతని మనసున ముందే యుండుటచే అచ్చుచిత్తున లేని యక్షరమును సయితము ఉన్నట్లు చదువుకొనును. ఇందులకే ఒకరు మూలమును పైకి చదువుచుండఁగా మఱియొకరు అచ్చుచిత్తును అక్షరాక్షరముగ చూచు పద్ధతి యేర్పడెను. గ్రంథాంతమున తప్పొప్పుల పట్టిక చేర్చుట రెండవ ప్రాయశ్చిత్తము. అది గ్రంథకర్త నిజాయితీకి గుర్తే కాని, దానిని చూచి తన ప్రతిని దిద్దుకొను చదువరులు కొలఁది మందియే.

అయినను అక్షరశోధన మొకటియే పరిష్కరణము కాదు. సి. పి. బ్రౌను పండితులను నియమించి పెక్కు వ్రాఁతప్రతులను పోల్చి చూపించెను. 1829లో వేమన పద్యములను ప్రకటించి, అంతటితో తృప్తిపడక 1839లో మరల హెచ్చు పద్యములతో ప్రకటించెను. ఆయన తెలుఁగు-ఆంగ్ల నిఘంటువు 1852లో వెలువడెను. అది మరల సంస్కరింపఁబడి 1903లో వచ్చునప్పటికి ఆయన గతించి పందొమ్మిది సంవత్సరములయ్యెను.

పరవస్తు చిన్నయసూరి పరిశ్రమ వేఱు విధమైనది. 1858లో వెలువడిన బాలవ్యాకరణ మొక్కటియే ఆయన వ్యాకరణరచన కాదు. పద్యాంధ్రవ్యాకరణము, సూత్రాంధ్రవ్యాకరణము, శబ్దలక్షణసంగ్రహము అను రచనలు కూడ ఆయనవే. ఒకే శాస్త్రమును పద్యముగాను సూత్రముగాను మార్చి మార్చి కూర్చిన యా శ్రమను తలఁచినచో బాలవ్యాకరణసూత్రముల బిగువు ఎక్కడినుండి వచ్చెనో తెలియును. అంతటి శోధనమునకును మిగిలిన విషయములుండెను. 1885లో బహుజనపల్లి సీతారామాచార్యులు ప్రౌఢవ్యాకరణమున వానిని పూరించెను. ఎంత శోధించినను ఒకని దృష్టి కొక హద్దు కలదని దీనివలన తేలుచున్నది.

గురజాడ అప్పారావు కన్యాశుల్కము ఈ చరిత్రలో ప్రత్యేకముగ గణింపఁదగినది. 1892లో విజయనగరమున ప్రదర్శింపఁబడిన యా నాటకము 1897లో తొలుత అచ్చుపడెను. అది ప్రశంస నందినదే. అయినను కర్త దానిని విడిచిపెట్టక పండ్రెండేండ్లకు, 1909లో, రెండవ కూర్పును వెలువరించెను. అయిదంకముల నాటకము ఏడంకములదయ్యెను. మధురవాణి పాత్ర మిక్కిలి పెరిగెను. ఇది అచ్చుతప్పులను దిద్దుట కాదు. తన పాత్రలను తానే మరల విచారణకుఁ బిలుచుట. నేఁడు తెలుఁగువారు కన్యాశుల్కమని చదువునది ఈ రెండవ కూర్పునే.

దీనివలన నష్టమును కలిగెను. రెండవ కూర్పు వ్యాపించినకొలఁది మొదటిది కనుమఱుఁగయ్యెను. 1969లో బంగోరె దానిని మరల ప్రకటించుటచే కర్త చేసిన మార్పులను పంక్తి పంక్తిగ పోల్చి చూచుటకు వీలు గలిగెను. తన కృతిని మార్చుకొను నధికారము కర్తకుఁ గలదు; తొలిరూపమును కాపాడవలసిన బాధ్యత పరిశోధకులది. మొదటిదానిని చిత్తుప్రతియని పాఱవేసినచో రెండవదాని గొప్పతనమును కొలుచుటకు కొలఁబద్దయే లేకపోవును.

ఈ యుదాహరణములవలన పరిష్కరణమున కొక క్రమము తేలుచున్నది. ముందు అర్థమును, పిదప కూర్పును, అటుపిమ్మట వాక్యమును, కడపట అక్షరమును శోధింపవలెను. అక్షరములను ముందే దిద్ది, పిదప వాక్యములను మార్చినచో మార్చిన తావులయందే క్రొత్త తప్పులు పుట్టును. వ్రాఁతకును శోధనకును నడుమ కొంత కాలము గడవనిచ్చుట మేలు. అప్పుడు కర్త తన రచనను పరుని రచనవలె చూడఁగలఁడు. అంతటను తనకుఁ గానరాని దోషమును చూపు రెండవ చదువరిని ఆశ్రయించుట లాఘవము కాదు. పాఠశాలలో బాలుని వ్రాఁతను ఎఱ్ఱసిరాతో దిద్ది యిచ్చు పండితుఁడు, ఆ దిద్దుటను బాలునిచేతనే మొదట చేయించినచో, ఈ నూఱేండ్ల పైఁబడిన ముద్రణచరిత్ర నేర్పిన పాఠమును సార్థకము చేసినవాఁడగును.