షోలాపురపు ఇంటి కార్ఖానాలు

షోలాపుర చరిత్రను వ్రాయువారు తరచుగా మిల్లులతోనే మొదలిడుదురు. 1877లో స్థాపితమైన షోలాపూర్ స్పిన్నింగు అండ్ వీవింగు మిల్లు, పిమ్మట వెలసిన లక్ష్మీ, విష్ణు మిల్లులు ఆ పట్టణమునకు పేరు తెచ్చిన మాట నిజమే. కాని పట్టణపు తూర్పుభాగమున, సాఖర్ పేట మొదలగు పేటలలో, కూతలు లేకయే మేల్కొని పనికి కూర్చుండిన మగ్గముల కథ వేరుగా చెప్పదగినది.

షోలాపురము నాటి నిజాము రాజ్యపు సరిహద్దునకు చేరువనున్నది. 1860లో రైలు వచ్చినది. తెలంగాణమునుండి పద్మశాలి కుటుంబములు పందొమ్మిదవ శతాబ్దమున, విశేషించి 1876-78 నాటి కరవు కాలమునందును ఆ తరువాతను, బొంబాయి రాజధానిలోని ఈ పట్టణమునకు తరలివచ్చి స్థిరపడినవి. వారి మూలధనము చేతిపని. వారి కార్ఖానా నివసించు ఇల్లు.

ఇంటి ముందుగదిలో గుంటమగ్గములు, వెనుక వంటయిల్లు. పురుషుడు మహారాష్ట్ర స్త్రీలు కట్టు తొమ్మిది గజముల చీరను నేయును. భార్య, తల్లి, పిల్లలు నూలు తోడి కండెలు చుట్టుదురు. సావుకారు నూలును అరువిచ్చి చీరను తీసికొనును. మిల్లు ఒకే తీరు గుడ్డను వేలకొలది గజములు నేయగా, చిన్న మగ్గము అంచును, రంగును కొనువారి కోరికనుబట్టి మార్చగలిగెడిది. మిల్లుల పోటీలో అది నిలుచుటకు ఇదియొక కారణము. రెండవ కారణమంత గర్వింపదగినది కాదు. కూలి చీరకు కట్టబడెను. ఇంటిలో కండె చుట్టిన చేతికి వేరుగా లెక్క లేదు. ఆ లెక్కించని పనియే చీర ధరను తగ్గించి, మగ్గమును బ్రతికించినది. 1930ల మాంద్యమున ధరలు పడిపోగా, స్వతంత్రులైన నేతగాండ్రు పలువురు మగ్గములు కోల్పోయి ఇతరుల కార్ఖానాలలో కూలివారైరి.

పెద్దవానికిని గండములు తప్పలేదు. 1949 ఆగస్టులో మొదటి మిల్లు మూతపడగా, 1950 జనవరిలో కేంద్రప్రభుత్వము ఆర్డినెన్సు ద్వారా దాని నిర్వహణను చేపట్టినది. ఆ వ్యాజ్యము సుప్రీంకోర్టు వరకు నడచి, రాజ్యాంగ న్యాయగ్రంథములకెక్కినది. మగ్గము ఆగిన ఇంటికై ఆర్డినెన్సు లేదు. నష్టమును ఇంటివారే భరించిరి.

మరమగ్గములు వచ్చిన పిదప చీరల స్థానమున జకార్డు చద్దరులు, టర్కీ తువాళ్లు ముఖ్యములైనవి. షోలాపుర చద్దరునకు 2005-06లో భౌగోళిక గుర్తింపు లభించినది. యంత్రము మారినను పరిమాణము చిన్నదిగనే యుండుటకు చట్టము కూడ ఒక కారణము. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము, యంత్రశక్తితో నడచుచోట పదిమందియు, శక్తిలేనిచోట ఇరువదిమందియు పనివారున్న స్థలములకే వర్తించెడిది. ఒక కొట్టమునే అన్నదమ్ముల పేర పంచి చూపుట మరమగ్గముల పట్టణములందు వింత కాదు. చిన్నతనమును మెచ్చుకొనువారు ఈ సంగతిని మరువరాదు.

మిల్లులు ఒకటొకటిగా మూతపడిన తరువాత తెలుగు స్త్రీల సంపాదనయే అనేక కుటుంబములకు ఆధారమైనది. ఆ పని బీడీలు చుట్టుట. ఇదియు ఇంటిపనియే, తునికాకు తెచ్చి, నానబెట్టి, కత్తిరించి, రాత్రివరకు చుట్టవలెను. పొగాకు ధూళి ఆరోగ్యమును హరించును. బాగులేవని కొన్ని బీడీలను త్రోసివేయుట కలదు. అయినను ఒక భేదమున్నది. కూలి వెయ్యి బీడీల లెక్కన ఆమె చేతికే వచ్చును. 1966లో బీడీ, సిగారు కార్మికుల చట్టము వచ్చి, ఇంటిలో కూర్చుండి చుట్టునామెను కూడ కార్మికురాలిగా గుర్తించినది. అత్తగారు చుట్టిన కండెలకు లేని లెక్క కోడలు చుట్టిన బీడీలకు ఏర్పడినది.

ఆ గుర్తింపు ఆధారముగనే వారు సంఘములు కట్టి ఇండ్లకై పోరాడిరి. 2006లో షోలాపురమునకు చేరువనున్న కుంభారిలో, బీడీ కార్మిక స్త్రీలకై గోదూతాయి పరుళేకర్ పేర నిర్మింపబడిన పదివేల యిండ్ల కాలనీ ప్రారంభమైనది.