టొమాటోకు రాత్రి చల్లదనం

చలిదేశాలవారు మొక్కలకు గాజుగృహాలు కట్టారు. గాజు ఎండను లోనికి రానిచ్చి వేడికిరణాలను బయటకు పోనీయదనీ, లోపలి వెచ్చదనానికి అదే కారణమనీ చాలాకాలం భావించారు. 1909లో అమెరికా భౌతికశాస్త్రజ్ఞుడు రాబర్ట్ వుడ్ రెండు పెట్టెలను ఎండలో ఉంచాడు. ఒకదానిపై గాజుపలక, రెండవదానిపై వేడికిరణాలను ఆపని సైంధవలవణపు పలక కప్పాడు. రెండూ దాదాపు సమానంగానే వేడెక్కాయి. వేడెక్కిన గాలి బయటకు పోలేకపోవడమే ముఖ్యకారణమని తేలింది.

మరి టొమాటోకు ఎంత వెచ్చదనం కావాలి? కాలిఫోర్నియాలో ఫ్రిట్స్ వెంట్ పగటి, రాత్రి ఉష్ణోగ్రతలను విడివిడిగా మార్చి పరిశీలించి, 1944లో ఫలితాలు ప్రకటించాడు. రాత్రి 15–20 డిగ్రీల సెంటీగ్రేడు ఉన్నపుడే కాయలు సమృద్ధిగా నిలిచాయి.

ఈ రెండు ఫలితాలనూ కోనసీమకు అన్వయించి చూడవచ్చు. గోదావరి పాయలకూ సముద్రానికీ నడుమనున్న అమలాపురం, రాజోలు ప్రాంతాలలో వేసవి రాత్రులు సాధారణంగా 25 డిగ్రీలకు దిగవు. గాలిలో తేమ మిక్కుటమైతే పుప్పొడి ముద్దకట్టి సరిగా రాలదు. పూత ఉన్నా కాయ నిలవదు. అట్టిచోట మూసిన గాజుగృహం మేలుకు బదులు కీడే చేస్తుంది. గాలి ఆడే పందిరి పగటి ఎండను తగ్గించగలదు; రాత్రి చల్లదనాన్ని మాత్రం శీతకాలమే ఇవ్వాలి. అక్కడ టొమాటో శీతకాలపు పంట కావడంలోని మర్మమిదే.